రాసి ఉంచుకుందాం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దానం చేయమని మీకు చెప్పనవసరం లేదు. చేసిన దానం నిలబడటానికి కావలసిన కాగితం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా తాతగారి కాలంలో మా ఊళ్ళో ఒక పెద్దాయన కబరస్తాన్‌కి పది సెంట్ల భూమి ఇచ్చారు. నలుగురి ముందు నోటిమాటగా ఇచ్చారు. కొడుకులు ఆ మాట నిలబెట్టారు. మనవల కాలం వచ్చేసరికి సాక్షులందరూ ఆ కబరస్తాన్‌కే చేరిపోయారు. భూమి అమ్ముడైపోయింది. ఆ మనవడు చెడ్డవాడేమీ కాదు. అతనికి తెలిసింది పట్టాదారు పాసు పుస్తకం, అందులో ఉన్నది తాత పేరు.

ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ దేని గురించో పిల్లల్ని అడిగి చూడండి. నమాజు అంటారు, రోజా అంటారు. సూరె బఖరాలోని ఆ 282వ ఆయత్ అప్పు రాసుకోవడం గురించి. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, బాకీదారుడే చెప్పి రాయించాలని, సాక్షుల్ని పెట్టుకోమని, చిన్న మొత్తమైనా విసుక్కోవద్దని అందులో ఉంది.

మన గోదావరి గడ్డకు ఈ అలవాటు కొత్త కాదు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు 1053లో నందంపూడి అగ్రహారాన్ని దానమిచ్చి రాగిరేకుల మీద రాయించాడు. ఆ శాసనం రచించినది నన్నయ్యగారే. రాజమండ్రి మెయిన్ రోడ్డులోని పాత మసీదు ఫార్సీ శాసనం చూడండి. హిజ్రీ 724 రంజాన్ 20, అంటే 1324 సెప్టెంబరు 10. గియాసుద్దీన్ తుగ్లక్ కాలం, ఉలూగ్ ఖాన్ పేరు, కట్టించిన సాలార్ ఉల్వీ పేరు, అన్నీ ఆ రాతి మీద ఉన్నాయి. ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా తేదీతో సహా చెప్పగలుగుతున్నాం. మొన్న మొన్న ఇచ్చిన కబరస్తాన్ భూమికి మాత్రం తేదీ చెప్పలేకపోతున్నాం.

చట్టం సంగతికి వద్దాం. మన ధర్మశాస్త్రం ప్రకారం హిబా నోటిమాటతో చెల్లుతుంది. ఇస్తున్నానని చెప్పాలి, అవతలివారు ఒప్పుకోవాలి, స్వాధీనం అప్పగించాలి. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో, రిజిస్టరు కాని 1968 నాటి హిబా కాగితం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. చెల్లింది, నిజమే. కానీ దానం జరిగిన నాటి నుంచి తీర్పు వచ్చేదాకా 43 ఏళ్ళు పట్టింది. ఇక వక్ఫ్ విషయంలో 1954, 1995 చట్టాలు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. 2025 సవరణ వచ్చాక దస్తావేజు లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. ఆ సవరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, కాగితం లేనివాడు ముందే ఓడిపోతాడు.

సాంకేతిక విద్య కూడా రాతమీదే నడుస్తుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాల్లో చంటిపిల్లలకూ తెలిసిన లెక్క ఇది. ఏళ్ళ తరబడి స్కేలు మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాసి ఉంచినవాళ్ళు లేకపోతే ఈ లెక్క ఎక్కడిది? 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయని ఈనాటికీ చెప్పుకోగలగడం ఆ రాత వల్లే. బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద పుస్తకం రాసి పెట్టారు కాబట్టే అది లాటిన్‌లోకి వెళ్ళి, ఆయన పేరే అల్గారిథమ్ అన్న మాటై ఇవాళ మన సెల్‌ఫోన్ దాకా వచ్చింది.

ఆ కంప్యూటరుకు మనం ఏమి రాసిస్తున్నాం? పదో తరగతి సర్టిఫికెట్లో షేక్ ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, బ్యాంకులో ఒట్టి ఎస్.కె. ఉంటుంది. మూడూ ఒక్కడేనని వీధిలో అందరికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లల తల్లులు ఎంతమంది నా దగ్గరికి వచ్చి కూర్చున్నారో! మార్కులు తక్కువై ఆగిన ఒక్క బిడ్డనూ వాళ్ళలో నేను చూడలేదు. ఆగింది ఒక అక్షరం దగ్గర.

అందుకని మీకు నాలుగు మనవులు. నిఖానామాలో మెహర్ మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి, ఒక ప్రతి ఆడపిల్ల చేతికి ఇవ్వండి. ఖర్జె హసనా ఇచ్చినా చీటీ రాయండి, అది అనుమానం కాదు, ఆయత్ చెప్పిన పద్ధతి. మసీదు, మదరసా, కబరస్తాన్ కాగితాలు ముతవల్లీగారి బీరువాలో ఒక్క ప్రతిగా ఉంచకుండా నకళ్ళు తీసి మూడు చోట్ల దాచండి. నాలుగోది, సొసైటీ తరఫున ప్రతి జుమా నమాజు తర్వాత ఒక బల్ల, ఒక కుర్చీ, చదువుకున్న కుర్రవాడు ఒకరు ఉండాలి. దరఖాస్తులు నింపడానికి, పేర్లు సరిచేయించడానికి.

దాతలు బియ్యానికి ఇస్తున్నారు, ఫీజులకు ఇస్తున్నారు. ఈ బల్లకు కూడా కొంత ఇవ్వండి. ఒక పూట అన్నం ఒక పూట ఆకలి తీరుస్తుంది. సరిగ్గా రాసిన కాగితం మూడు తరాలకు నీడనిస్తుంది.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్. వస్సలాం.