మన పిల్లలకు వినిపింపదలచిన విద్వాంసులు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



నేను సంగీతజ్ఞుడను కాను. నా కంఠము హాజరుపట్టీ పిలుచుటకు తప్ప మరెందుకును పనికిరాదని మా ఇంటివారి నిశ్చితాభిప్రాయము. అయినను ఈ సంవత్సరము నివేదికతో మిమ్ములను విసిగింపక, నాకు ప్రియమైన కొందరు విద్వాంసులను గూర్చి చెప్పదలచితిని. దానికి కారణము మన పాఠశాలలో జరిగిన ఒక చిన్న సంఘటన.

దసరా సెలవులకు ముందు జరిగిన పాటల పోటీలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె త్యాగరాజ కీర్తన పాడి మొదటి బహుమతి పొందెను. శ్రుతి తప్పలేదు, తాళము తప్పలేదు. పిమ్మట ఆమె పాటల పుస్తకము తెరచి చూచితిని. కీర్తనలన్నియు తమిళ లిపిలో నున్నవి. తమిళ లిపి తమిళమునకు సర్వవిధముల తగినదే. కాని క, ఖ, గ, ఘ లకు అందు ఒక్కటే అక్షరము. "పాద" అన్నను, "బాధ" అన్నను, "పాత" అన్నను వ్రాత ఒక్కటే. అచ్చు పుస్తకములలో అక్షరముల ప్రక్కన అంకెలు వేసి భేదము చూపుదురు. బిడ్డ చేతివ్రాతలో ఆ అంకెలెక్కడివి? "ఏమమ్మా, ఇక్కడ స్వామి పాదమా, భక్తుని బాధా?" అని అడిగితిని. "తెలీదు సార్, పాటలో అట్లాగే ఉంది" అనెను. ఇంట తెలుగే మాటలాడు పిల్ల!

ఆ మాట నన్ను చాల దినములు వదలలేదు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరున పుట్టి, తిరువయ్యారున జీవించిన తెలుగు గృహస్థు. చుట్టును తమిళము వినుచునే ఇంటి భాషలో పాడుకొనెను. ఆ భాష తమది కాకున్నను తమిళ విద్వాంసులు ఆయన కీర్తనలను తరతరములుగా కాపాడిరి. వారికి మనము ఋణపడియున్నాము. కాని పాట వారి వద్దను, భాష మన వద్దను ఉండి, మన బిడ్డకు రెండును కలిసి దక్కకపోవుట న్యాయమా? తెలుగు చదివిన ఏమి లాభమని నన్నడుగు తండ్రులు కలరు. ఈ ఏడు మొదటి తరగతి పిల్లలను లెక్కించుటకు నా రెండు చేతుల వ్రేళ్లు చాలినవి. ఉద్యోగముల మాట నేను చెప్పజాలను. ఈ ఒక్క లాభము మాత్రము చూపగలను.

పిల్లలకు మొదట ఎవరిని వినిపింపవలెనని అడిగితిరా, ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని అందును. ఆయన 1922 లో కృష్ణా జిల్లా చౌటపల్లెలో జన్మించిరి. సంగీతము నేర్వవలెనను కోరికతో విజయనగరము చేరి, ఇల్లిల్లు తిరిగి మధుకరము ఎత్తుకొని కడుపు నింపుకొనిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆదరించి విద్య గరపిరి. 1942 ఉద్యమములో చెరసాలకు వెళ్లిరి. తరువాత మద్రాసు చేరి, 1974 లో అచ్చటనే కన్నుమూసిరి. సినిమా పాటలని పెద్దలు ముఖము చిట్లించుకొననక్కరలేదు. నేను చెప్పునది ముఖ్యముగా ఆయన పద్యము చదువు తీరు. జాషువాగారి, కరుణశ్రీగారి పద్యములను ఆయన పాడగా వినుడు. సమాసమును ఎచ్చట విరువవలెనో అచ్చటనే విరుతురు. రాగము పదమును మ్రింగదు. నేను తరగతిలో గంటసేపు ప్రతిపదార్థము చెప్పినను పట్టుబడని భావము, ఆయన ఒక్కసారి చదివినంతనే పిల్లల ముఖములపై కనిపించును. ఈ విషయములో నాకు కొంచెము అసూయ కూడ కలదు.

రెండవవారు షేక్ నాజరుగారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లున 1920 లో జన్మించి, బుర్రకథను ఊరూర మారుమ్రోగించిన మహానుభావుడు. తంబుర భుజమున, అందెలు వ్రేళ్లకు. ఇరువంకల ఇద్దరు వంతలు, ఒకరు హాస్యమునకు, ఒకరు రాజకీయమునకు. పల్నాటి యుద్ధము, అల్లూరి సీతారామరాజు కథ ఆయన చెప్పగా వినినవారు మరువలేరు. 1986 లో పద్మశ్రీ వచ్చినది. మన ఇండ్లలోని తెలుగు వంటింటి మాటలకే కుదించుకొనిపోయినది కదా. కోపము, పరిహాసము, వీరము తెలుగులో ఎట్లుండునో మన పిల్లలు ఎరుగరు. అందుకు నాజరుగారిని మించిన గురువు లేరు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించిన వాగ్గేయకారులు. ఆయన గమకముల చమత్కారము ఎక్కువని కొందరి ఫిర్యాదు. నాకును ఒక్కొక్కప్పుడు అట్లే తోచును. కాని భద్రాచల రామదాసు కీర్తనలు పాడునప్పుడు ఆ చమత్కారమంతయు ప్రక్కకు పెట్టి, గుడిమెట్లపై కూర్చున్న భక్తునివలె పాడుదురు. అవి చిన్న పిల్లలు కూడ వెంట పాడదగినవి.

క్షేత్రయ్య పదములు పెద్దలకు. శృంగార ప్రధానములు గనుక వానిని పాఠశాలలో వినిపింపను, భయపడకుడు! ఆ పదములను వీణ ధనమ్మాళ్ ఇంటివారు మద్రాసులో పదిలపరచిరి. ఆమె మనుమరాలు టి. బృందమ్మగారు (1912–1996), చెల్లెలు ముక్తమ్మగారితో కూడి పాడిన పదములు మెల్లగా, మిక్కిలి మెల్లగా నడచును. ఒక్క సంబోధనను పదిసార్లు పాడిన, పదిసార్లును భావము వేరు. మువ్వ క్షేత్రయ్య పదమును తమిళదేశపు స్త్రీలు ఇంత నిష్ఠతో నిలిపినారన్న తలపు వచ్చినప్పుడెల్ల నేను తల వంచుకొందును.

కడపట వాద్యములు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893 లో బెంగుళూరున పుట్టి, కంటిచూపు మందమైనను విజయనగర సంగీత కళాశాలలో అధ్యాపకులై, 1936 లో అధ్యక్షులైరి. ఆయన ఫిడేలు మాటలాడునందురు. షేక్ చినమౌలానాసాహెబుగారు కరవదిలో 1924 లో జన్మించిన తెలుగువారు. తంజావూరు సీమలో నాచ్చియార్‌కోయిల్ సోదరుల వద్ద శిష్యరికము చేసి, శ్రీరంగమున స్థిరపడి, 1999 లో అచ్చటనే దివంగతులైరి. 1998 లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుద మిచ్చినది. మనవలెనే వలస వచ్చినవారు. ఆయన నాదస్వరము మా తండ్రిగారికి ప్రాణము.

వాద్యములను కడపట నిలుపుటకు హేతువు కలదు. నాదస్వరమునకు నోరు కలదు గాని అక్షరములు లేవు. వాయించువారు మాత్రము మనసులో సాహిత్యమునే పలుకుచుందురు. ఎచ్చట ఊపిరి తీయవలెనో ఆ పదములే చెప్పును. పాట మాటలతో వచ్చిన బిడ్డకు పెండ్లిపందిరిలో సన్నాయి వినినంతనే ఆ మాటలు చెవిలో పలుకును. రానివానికి అది మంగళధ్వని మాత్రమే.

వచ్చు మాసమునుండి ప్రతి శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు మన పెద్దగదిలో వీరి పాటలు వినిపింతుము. అన్నియు ఇప్పుడు ఫోనులోనే దొరకుచున్నవి. మొదటి వారము ఘంటసాలవారు. తల్లులు తమ ఇండ్లలోని పాత పాటల పుస్తకములు తీసికొనిరండు. ఏ లిపిలో నున్నను సరే. పై తరగతుల పిల్లలు వానిని తెలుగులోనికి ఎత్తి వ్రాయుదురు. నేను చెప్పిన బాలిక ఇప్పటికే పదునొకండు కీర్తనలు ముగించినది. మొన్న సాయంకాలము నా గది గుమ్మము వద్దకు వచ్చి, "సార్, అది పాదమే" అని చెప్పి పరుగెత్తిపోయినది.