తెల్లని తెర ముందు మన ముఖం

(పాస్‌పోర్టు, వీసా దరఖాస్తుదారుల సహాయ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, ఉపకార వేతనాల గురించి చర్చించుకునే మన సభల్లో ఈరోజు నేను ఫొటో వెనుక ఉండే తెర గురించి మాట్లాడబోతున్నాను. ఇది మరీ చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. చాలా ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపి, ఇప్పుడు మా బస్తీలో దరఖాస్తులు నింపి పెడుతున్నవాణ్ణి. ఈ చిన్న విషయం దగ్గరే ఎంతోమంది ప్రయాణాలు ఆగిపోవడం కళ్ళారా చూశాను. అందుకే ఈ మాటలు.

నాకు బాగా గుర్తున్న రెండు సంఘటనలు చెబుతాను.

మా వీధిలో ఒక నానీ ఉమ్రాకు బయలుదేరింది. కొడుకు గల్ఫ్ నుంచి పంపిన డబ్బు కూడబెట్టుకుంది. వీసా దరఖాస్తుకు ఇచ్చిన ఫొటో ఒకసారి తిరిగి వచ్చింది. మళ్ళీ తీయించి పంపితే అదీ తిరిగి వచ్చింది. "తలమీద దుపట్టా ఉన్నందుకే తిప్పి పంపుతున్నారు బేటా, తీసేయమంటారేమో" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఫొటో చూశాను. తెల్లని గోడ ముందు తెల్లని దుపట్టాతో కూర్చుంది. తల ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ముఖం ఒక్కటీ గాలిలో తేలుతున్నట్టు ఉంది. లోపం దుపట్టాలో లేదు, దాని రంగులో ఉంది.

రెండోది ఒక కాలేజీ అమ్మాయి సంగతి. విదేశీ చదువుకు వీసా ఫొటో తీయించుకోవడానికి ఒక దుకాణానికి వెళ్ళింది. "హిజాబ్ ఉంటే ఒప్పుకోరు, రూల్" అన్నాడు దుకాణదారు. వెనుక నలుగురు వరుసలో నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఏమీ అనలేక తీసేసింది. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ రూల్ ఎక్కడా లేదు.

ఒకరు సాంకేతిక లోపాన్ని వివక్ష అనుకున్నారు. మరొకరు లేని నిబంధనకు తలవంచారు. రెండింటికీ మూలం ఒకటే, నిబంధనలో ఏముందో మనకు తెలియకపోవడం.

అసలు తెల్లని తెర ఎందుకు? 1944 నాటి షికాగో ఒప్పందం ద్వారా ఏర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ప్రయాణ పత్రాలు ఎలా ఉండాలో 'డాక్ 9303' అనే ప్రమాణంలో నిర్దేశించింది. మనలో వయసు మళ్ళినవారికి చేతితో రాసిన పాస్‌పోర్టులు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో మా స్టూడియోల్లో నీలి తెర, ఎర్ర తెర ముందు తీసిన ఫొటోలు కూడా చెల్లిపోయేవి. యంత్రం చదవలేని పాస్‌పోర్టులకు 2015 నవంబరు 24తో కాలం చెల్లింది. ఇప్పుడు మన ముఖాన్ని అధికారి కన్నుతో పాటు కంప్యూటరు కూడా చూస్తుంది. అది ముందుగా తల అంచును వెతుకుతుంది. వెనుక పూల డిజైనో, తలుపో, ముడతలు పడిన తెరో, నీడో ఉంటే ఆ అంచు దానికి చిక్కదు. నేపథ్యం లేతగా, ఒకే రంగులో ఉండాలనడానికి కారణం ఇదే. ఈ కారణం మనసులో పెట్టుకుంటే మిగతా నిబంధనలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇక ఎవరికి ఏ ఫొటో కావాలో చూద్దాం. మన దేశంలో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళే పెద్దవారు ఫొటో తీసుకెళ్ళనక్కరలేదు. అక్కడి 'ఏ' కౌంటరులోనే తీస్తారు. నాలుగేళ్ళలోపు పిల్లలకు మాత్రం తెల్లని నేపథ్యంతో 4.5 × 3.5 సెంటీమీటర్ల ఫొటో వెంట ఉండాలి. కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్న మనవాళ్ళు అక్కడి భారత రాయబార కార్యాలయాల ద్వారా పాస్‌పోర్టు మార్చుకోవాలంటే 2025 సెప్టెంబరు 1 నుంచి ఐకావో ప్రమాణాల ఫొటోనే ఇవ్వాలి. నేపథ్యం తెలుపు, కొలత 630 × 810 పిక్సెళ్ళు, ఫొటోలో 80 నుంచి 85 శాతం ముఖమే ఉండాలి. కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల కుటుంబాలు ఈ సంగతి తమ బిడ్డలకు ఫోనులో చెప్పడం మంచిది.

వీసాల దగ్గర ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికాకు రెండు అంగుళాల చదరపు ఫొటో కావాలి. నేపథ్యం తెలుపు లేదా దానికి దగ్గరి రంగు. ఆరు నెలలలోపు తీసినదై ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్ళద్దాలు ఒప్పుకోవడం లేదు. బ్రిటన్ పాస్‌పోర్టుకు అచ్చు ఫొటో ఇచ్చేవారికి మీగడ రంగో, లేత బూడిద రంగో కావాలి. మన హజ్ కమిటీ దరఖాస్తుకు తెలుపు. కాబట్టి స్టూడియోకు వెళ్ళి "పాస్‌పోర్టు సైజు ఫొటో" అని ఊరుకోవద్దు. ఏ దేశానికి, ఏ పత్రానికి అన్నది స్పష్టంగా చెప్పండి.

ఇంట్లో తీసుకోవాలన్నా పెద్ద ఖర్చేమీ లేదు. సున్నం వేసిన తెల్ల గోడ చాలు. లేకపోతే ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటిని ముడత లేకుండా బిగించి కట్టండి. మనిషిని గోడకు ఆనించవద్దు, రెండు మూడు అడుగులు ముందుకు కూర్చోబెట్టండి. నూటికి తొంభైమంది చేసే తప్పు ఇక్కడే. గోడకు ఆనుకుంటే చెవుల పక్కన, భుజాల వెనుక నీడ పడి తీరుతుంది. నడినెత్తిన ఉన్న ట్యూబులైటు కింద కూర్చుంటే కళ్ళ కింద గుంటలు పడినట్టు కనిపిస్తాయి. పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోవడం అన్నిటికంటే మేలు. కెమెరా కంటి ఎత్తులో, సుమారు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండాలి. ఫ్లాష్ వద్దు. కళ్ళు తెరిచి, నోరు మూసి, సూటిగా చూడాలి. చంటిపిల్లలనైతే తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయండి, తల్లి చెయ్యి ఫొటోలో పడకూడదు. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవారికి కుర్చీ కనిపించకుండా వీపు వెనుక తెల్ల గుడ్డ వేలాడదీయండి.

ఒక హెచ్చరిక. ఈ రోజుల్లో ఫోనులోని యాప్‌తో వెనుక భాగాన్ని కత్తిరించి తెలుపు అతికిస్తున్నారు. హిజాబ్ అంచులు, గడ్డం వెంట్రుకలు ఆ కత్తిరింపులో తెగిపోతాయి. పైగా ఆ యాప్‌లు చర్మాన్ని తెల్లబరుస్తాయి, ముడతలు చెరిపేస్తాయి. అది మీ ముఖం కాదు. కంప్యూటరుతో మార్చిన ఫొటోలు చెల్లవని నిబంధన చెబుతోంది.

ఇప్పుడు తలముసుగు సంగతి. ఐకావో నిబంధన ప్రకారం తల కప్పుకోవడం సాధారణంగా కుదరదు, కానీ మత కారణాలతో కప్పుకునేవారికి మినహాయింపు ఉంది. షరతు ఒక్కటే. గడ్డం కింది నుంచి నుదుటి పైభాగం వరకు, ముఖానికి ఇరువైపులా అంచులు స్పష్టంగా కనిపించాలి. జుట్టు చూపాలని అందులో లేదు. మన రాయబార కార్యాలయాలు ఇచ్చిన సూచనల్లోనూ ఇదే మాట ఉంది. అమెరికా వీసా నిబంధన కూడా మతాచారంగా నిత్యం ధరించే తలముసుగును అనుమతిస్తుంది. చెవులు కనిపించాలా అన్నది మాత్రం ఆయా దేశాలను బట్టి ముందే అడిగి తెలుసుకోండి.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, ఫొటో రోజున ముదురు రంగు దుపట్టా ధరించండి. పచ్చ, నీలం, మెరూన్ ఏదైనా సరే, తెలుపు మాత్రం వద్దు. చమ్కీలు, జరీ ఉన్నవి మెరుస్తాయి, అవీ వద్దు. నుదుటి మీద నీడ పడకుండా కాస్త వెనక్కి సర్దుకోండి. నిత్యం టోపీ పెట్టుకునే సోదరులకూ ఇదే మాట. తెల్ల టోపీ తెల్ల గోడలో కలిసిపోతుంది.

నఖాబ్ విషయంలో నిజం దాచకూడదు. ముఖం కప్పుకున్న ఫొటో ఏ ప్రయాణ పత్రానికీ చెల్లదు. ఓటరు గుర్తింపు కార్డుల వ్యవహారంలో 2010లో సుప్రీంకోర్టు కూడా ముఖం కనిపించని ఫొటోకు వీలులేదనే వైఖరి తీసుకుంది. అయితే ఫొటో తీసేటప్పుడు మహిళా సిబ్బంది ఉండాలని, కాస్త చాటు కల్పించాలని మర్యాదగా అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. నిబంధన మన ముఖాన్ని అడుగుతోంది, ఇవ్వాలి. జుట్టును అడగలేదు, ఇవ్వనక్కరలేదు.

గడ్డం పెంచినవారికి, తీసేసినవారికి ఇంకొక మాట. పాస్‌పోర్టులోని ఫొటోకూ ఇప్పటి రూపానికీ పోలిక లేకపోతే విమానాశ్రయంలో ప్రశ్నలు ఎదురవుతాయి. రూపం మారిన కారణంగా పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకునే వీలుంది. ప్రయాణానికి చాలా ముందే ఆ పని చూసుకోండి.

ఎవరైనా "హిజాబ్ తీయాలి" అంటే గొడవపడకండి, భయపడి తీసేయనూ వద్దు. "ఏ నిబంధనలో ఉందో చూపించండి" అని అడగండి. ఫోనులో నిబంధన ప్రతి ఉంచుకోండి. ఫొటో తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరండి. సేవా కేంద్రంలో ఫొటో తీశాక తెరపై చూపమని అడిగి, సరిగా లేకపోతే అక్కడికక్కడే మళ్ళీ తీయమనండి. సమస్య తీరకపోతే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. సమాచార హక్కు చట్టం కూడా మన చేతిలోనే ఉంది.

చివరగా మన బస్తీ కమిటీలకు ఒక విన్నపం. మదరసాలోనో బడిలోనో ఒక గది, ఒక తెల్ల తెర, రెండు దీపాలు, ఫొటో తీయడం నేర్చుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఉంటే చాలు. మన తల్లులు పరాయి దుకాణంలో నలుగురి ముందు ఇబ్బంది పడే అవసరం తప్పుతుంది. ఆ పిల్లలకు నేర్పే బాధ్యత నేను తీసుకుంటాను. వచ్చే ఆదివారం నుంచే రమ్మనండి.

మా నానీకి మూడోసారి ఫొటో నేనే తీశాను. కోడలి దగ్గరున్న ముదురుపచ్చ దుపట్టా కప్పించి, గోడకు మూడడుగుల దూరంలో కూర్చోబెట్టాను. ఆ ఫొటో తిరిగి రాలేదు. ఉమ్రా నుంచి వచ్చాక నాకు ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్ళు ఇచ్చి, "బేటా, దుపట్టా తీయకుండానే వెళ్ళొచ్చాను" అంది.