జాబుల పెట్టె ఎక్కడ ఉండవలెను?

నాగాయలంక రొయ్యల రైతులు కొందరు సంఘముగా ఏర్పడి, తమ సంఘము పేరిటనే ఈమెయిలు చిరునామాలు కావలెనని తలచినారనుకొందము. ఇందుకు ముగ్గురు పనివారు కావలెను. పైనుండి జాబులను అందుకొనుటకు, మన జాబులను సాగనంపుటకు పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రోగ్రాము ఒకటి. ఎవరి జాబులను వారి అరలో భద్రపరచుటకు డవ్‌కాట్ వంటిది మరియొకటి. ఆ అరను సెల్‌ఫోనులో తెరచి చూపుటకు వెబ్ సర్వరు, దానిపై నడచు రౌండ్‌క్యూబ్ వంటి పుట మూడవది. ఇవన్నియు వెల లేకయే లభించును.

యంత్రమును సంఘము గదిలోనే ఉంచుకొనరాదా? ఉంచుకొనవచ్చును గాని, జాబులు వెళ్ళు 25వ నంబరు పోర్టును ఇంటర్నెట్ కంపెనీలు ఇంటి కనెక్షనులపై తరచుగా మూసివేయును. అట్టి చోటనుండి వచ్చిన జాబులను పెద్ద సర్వర్లు సులభముగా నమ్మవు. కనుక నగరములోని డేటా కేంద్రమున చోటు అద్దెకు తీసికొనుట మేలు. పిమ్మట సంఘము పేరు నమోదు చేయించి, ఆ పేరిట వచ్చు జాబులు ఏ యంత్రమునకు చేరవలెనో, ఆ పేరిట పంపుటకు ఏ యంత్రమునకు హక్కు కలదో ఇంటర్నెట్ పేర్ల పట్టికలో వ్రాయించవలెను.

దివిసీమవారు అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి కలదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేల ప్రాణములను బలిగొన్నది. బయటి లోకముతో ఈ సీమకు సంబంధము తెగినది. అట్టి విపత్తులో సర్వరు ఆగిపోయినచో జాబులేమగును?

దారిలోనున్న జాబులకు భయము లేదు. అవతలి యంత్రము పలుకనిచో, పంపిన యంత్రము జాబును తనయొద్దనే ఉంచుకొని మరల మరల యత్నించును. కనీసము నాలుగైదు దినములు యత్నించవలెనని 2008 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. పడవ సాగని దినమున తపాలా సంచి రేవులో వేచియుండుట వంటిదే ఇది.

అరలోనికి చేరిన జాబుల సంగతి వేరు. డిస్కు పాడైనచో వానిని మరల పంపువారెవరును ఉండరు. నగరమునకును వరద భయము లేకపోలేదు. 2015లో చెన్నపట్నము మునిగినది గదా! కావున ప్రతిరాత్రియు ఒక నకలును సముద్రమునకు దూరముగానున్న వేరొక నగరమునకు పంపవలెను. నెలకొకమారు ఆ నకలునుండి జాబులను తిరిగి తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో తెలియదు.

ఒక్క హెచ్చరిక. సెల్ టవరుకు విద్యుత్తు లేనినాడు ఏ జాబును మనకు అందదు. కావున తుఫాను వార్తకు జాబుల పెట్టెను నమ్ముకొనక, బ్యాటరీ రేడియో నొకదానిని ఇంట సిద్ధముగా ఉంచుకొనవలెను.