మధుమేహము - రక్తపరీక్ష - ఇన్సులిన్ వాడుక



విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకులు మొదట మమ్ముఁ గోరిరి. అది చెప్పుట మాకును, వినుట మీకును అలవాటైన విషయమే. కాని యిప్పుడు మన యిండ్లలో ఏ శుభకార్యమునకుఁ బోయినను, కాఫీ తెచ్చినవారు చక్కెర వేయవచ్చునా యని యడుగక యీయరు. ఆ ప్రశ్నయే మాకీ విషయము నిచ్చినది.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. చరకుఁడు ఇరువదివిధముల ప్రమేహములను జెప్పి మధుమేహమును వానిలోఁ జేర్చెను. కదలక కూర్చుండు సుఖము, అతినిద్ర, పెరుగు, క్రొత్తధాన్యము, బెల్లపుఁబిండివంటలు దీనికిఁ గారణములని పేర్కొనెను. పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది యొకటి యని సుశ్రుతుఁడు విభజించి, మొదటివాఁడు కృశించియుండుననియు, రెండవవాఁడు స్థూలుఁడనియు వ్రాసెను. నేఁటి వైద్యులు టైపు 1, టైపు 2 అని పిలుచువానికి ఇది మిక్కిలి దగ్గఱగా నున్నది. అయినను వ్యాధిని గుర్తించుట వేఱు, ప్రాణము నిలుపుట వేఱు. ఆ మందు 1921వ సంవత్సరమునఁ గెనడాదేశపు టొరంటో నగరమునఁ గాని బయటపడలేదు. బాంటింగు, బెస్టు అనువారు క్లోమగ్రంథినుండి దానిని రాఁబట్టిరి. 1922 జనవరిలోఁ బదునాలుగేండ్ల లియోనార్డు థాంప్సను అను బాలునకు మొదట నిచ్చిన సూది చాలినంత ఫలింపలేదు. కాలిపు అను నాతఁడు శుద్ధిచేసిన మందుతో ఆ బాలుఁడు కోలుకొనెను.

ఆ కాలమున దానిని పశువుల గ్రంథులనుండి తీయుచుండిరి గనుక మన పెద్దలు కొందఱు సంకోచించిరి. 1982నుండి సూక్ష్మజీవులచేఁ దయారగు మానవ ఇన్సులిన్ విపణికి వచ్చినది. నేఁడు సాధారణముగా వాడునది అట్టిదే. కాఁబట్టి ఆ సంకోచమున కిఁక నవకాశము లేదు. ఇంకొక యపోహ మఱింత చేటైనది: సూది మొదలుపెట్టిన యిఁక తుదియే యని. టైపు 1 గల పిల్లవానికి ఇన్సులిన్ అన్నమువంటిది. కషాయమును నమ్మి దానిని మానిపించిన కొలఁది దినములలోనే వాంతులు, ఆయాసము, స్మృతితప్పుట సంభవించి ప్రాణమునకు మోసమగును. జ్వరము వచ్చి అన్నము సయింపని దినమునను వానికి సూది పూర్తిగా మానరాదు. రక్తపరీక్ష తఱచుగాఁ జేసి వైద్యుని యడిగి మోతాదు సరిచేయవలెను.

పరీక్ష విషయము క్లుప్తముగాఁ జెప్పెదము. గ్లూకోమీటరు ఇంటనుండవలెను. చేతులు కడిగి, తుడిచి, వ్రేలికొన ప్రక్కను గ్రుచ్చవలెను. మామిడిపండు దిన్న చేతితోఁ జూచినచో లేని చక్కెర కనఁబడును. స్ట్రిప్పుల గడువు చూడవలెను. చాలమందికిఁ బరగడుపున 80 మొదలు 130 వఱకు, భోజనమైన రెండు గంటలకు 180 లోపల నుండుట మేలు. వృద్ధులకును గర్భిణులకును లెక్క వేఱు. అంకెను తేదీతోఁ బుస్తకమున వ్రాసికొనుఁడు. వ్రాయని పరీక్ష వైద్యునకుఁ బనికిరాదు.

ఇప్పుడు చెప్పఁబోవునది శ్రద్ధతో వినుఁడు. మనదేశమున సీసాలలోని ఇన్సులిన్ రెండు బలములలో దొరకును: మిల్లీలీటరునకు 40 యూనిట్లది యొకటి, 100 యూనిట్లది యొకటి. సిరంజీలును రెండే: ఎఱ్ఱమూఁతది 40 దానికి, నారింజరంగు మూఁతది 100 దానికి. 100 బలముగల మందును ఎఱ్ఱమూఁత సిరంజీలో 20 గీఁతవఱకుఁ దీసినచో లోపలికిఁ బోవునది 20 గాదు, 50 యూనిట్లు! తాఱుమాఱైనచో 20కి బదులు 8 మాత్రమే పోవును. దుకాణమున సిరంజీ యిమ్మని యూరకుండక, సీసాను చూపి కొనవలెను. పాలవలె నుండు మందును అఱచేతులనడుమ మెల్లఁగా దొరలించవలెనే గాని కుదుపరాదు. ఒకేచోటఁ బొడిచినచో చర్మము గడ్డకట్టి మందు సరిగా నెక్కదు. పొట్టపై నాభికి రెండంగుళముల దూరమునను, తొడలపైనను చోటు మార్చుచుండవలెను.

మన వేసవి యెట్టిదో మీకుఁ జెప్పనక్కఱలేదు. తెఱవని సీసాలు ఫ్రిజ్‌లో 2 మొదలు 8 డిగ్రీలలో నుండవలెను. మంచుగడ్డ యఱలోఁ బెట్టరాదు, గడ్డకట్టిన మందును పాఱవేయవలెను. తెఱచిన సీసా చల్లనిచోట నుంచినచో సుమారు నాలుగు వారములు పనిచేయును. కరెంటు పోయినచోఁ దడియిసుక పోసిన పెద్దకుండలో చిన్నకుండ నుంచి, మందును ప్లాస్టిక్కు సంచిలో మూసి అందులోఁ బెట్టవలెను. మన పొడిగాలికి ఈ యుపాయము బాగుగాఁ బనిచేయును.

ఇన్సులిన్ వాడువారికి మిక్కిలి భయము చక్కెర పడిపోవుట. సూది వేసికొని, భోజనము చేయక, మిరపతోఁటకుఁ బోయి మధ్యాహ్నమువఱకు వంగి కాయలు కోసినచో ఏమగును? చెమట, వణఁకు, ఆకలి, మాట తడఁబాటు. ఇతరులు త్రాగినాఁడనుకొందురు. 70కిఁ దగ్గినచో మూఁడు చెంచాల చక్కెర నీట గలిపి త్రాగి, పదునైదు నిమిషములకు మరలఁ జూచి, తగ్గియేయున్నచో మరలఁ ద్రాగవలెను. స్మృతి లేనివాని నోటఁ జుక్కయైనఁ బోయరాదు. ప్రక్కకుఁ బరుండఁబెట్టి 108కి ఫోను చేయవలెను. ఏకాదశికిని గార్తీకసోమవారమునకును ఉపవసింపఁదలఁచువారు ముందుగా వైద్యుని యడుగుఁడు. వ్యాధిగ్రస్తునకు ఉపవాసవిధి లేదని ధర్మశాస్త్రము నెఱిఁగిన పురోహితుఁ డెవ్వఁడైనఁ జెప్పును.

తుదకు, చెప్పుటకుఁ గష్టమైన మాట యొకటి. మేమెఱిఁగిన యొక యింట, చిన్ననాటినుండి సూది వాడు పిల్లకు వ్యాధిని దాఁచి వివాహముఁ జేసిరి. అత్తవారింట ఎవ్వరు చూతురోయని ఆ పిల్ల స్నానపుగదిలో సూది వేసికొనెడిది. బంధువులు నిండిన దినములలో మానెడిది. ఆసుపత్రికిఁ జేర్చునప్పటికి మాటలేదు. బ్రతికినది, కాని ఆ సంగతి తెలిసినపిదప అత్తగారు మొదట నడిగినది, "మాకేల చెప్పలేదమ్మా, మేము చూచుకొందుము గదా" యని. సంబంధములు చూచునప్పుడు కట్నకానుకలమాట దాఁపరికము లేక మాటాడు మనము ఈ మాటకు సిగ్గుపడుట వింతగా నున్నది.

మన విద్యార్థివసతిగృహమున ఇన్సులిన్ నుంచుటకుఁ జిన్న ఫ్రిజ్ యొకటి, గ్లూకోమీటరు యొకటి, వాడిన సూదులు వేయుటకు గట్టి డబ్బా యొకటి పోషకులు దయచేయవలెనని కోరుచున్నాము. పిల్లవానికి సూదివేళ యగునప్పుడు భోజనపుగంటకై వేచియుండక వానికి ముందుగా వడ్డింపవలెనను నియమమును నేఁటి తీర్మానములలోఁ జేర్చుఁడని అధ్యక్షులవారిని బ్రార్థించుచున్నాము.