'ఫోర్ట్ స్టికీన్': ఒక సరకుల ఓడ చరిత్ర

యుద్ధనౌకల పేరులు చరిత్ర గ్రంథములలో నిలుచును. వానికి మందుగుండు, ఆహారము చేరవేసిన సరకుల ఓడల పేరులు రేవు చిట్టాలలోనే మరుగుపడును. మేము నేడు చెప్పదలచిన 'ఫోర్ట్ స్టికీన్' అట్టి ఓడయే. కాని దాని పేరు మరుగుపడలేదు. అందుకు కారణము విజయము కాదు, విపత్తు.

రెండవ ప్రపంచ యుద్ధమున జర్మను జలాంతర్గాములు వరుసగా ఓడలను ముంచుచుండగా, ఆ లోటు తీర్చుటకై కెనడా, అమెరికా దేశములలో ఒకే నమూనాపై సరకుల ఓడలను త్వరత్వరగా కట్టిరి. వానిలో నొకటియైన ఈ ఓడను 1942లో కెనడా పడమటి తీరమున ప్రిన్స్ రూపర్ట్‌లో నిర్మించిరి. సుమారు ఏడువేల టన్నుల యీ ఓడ బ్రిటిషు యుద్ధ రవాణా శాఖ పనిలో చేరెను.

1944 ఫిబ్రవరి 24న అది ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ విడిచెను. దానిలో విమానములు, 1,395 టన్నుల ప్రేలుడు పదార్థములు, 124 బంగారు కడ్డీలు ఉండెను. కరాచీలో కొంత సరకు దింపి, వేలకొలది ప్రత్తి బేళ్లు, నూనె పీపాలు, కలప ఎక్కించుకొనెను. స్థలాభావమువలన ప్రత్తిని, మందుగుండును ఒకే గదిలో సర్దిరి. ఏప్రిల్ 12న ఓడ బొంబాయి విక్టోరియా డాక్‌కు చేరెను.

14వ తేదీ మధ్యాహ్నము రెండవ గదినుండి పొగ లేచెను. అగ్నిమాపక దళములు వందలకొలది టన్నుల నీరు పోసినను నిప్పు ఆరలేదు. ఓడను సముద్రములోనికి లాగుటయా, ఉన్నచోటనే ముంచుటయా అని అధికారులు తర్కించిరి. గట్టి నిర్ణయము చేయు బాధ్యత ఒక్కరి చేతిలో లేకపోయెను. సాయంత్రము 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలెను. సుమారు అరగంటకు అంతకంటె పెద్ద ప్రేలుడు సంభవించెను. దూరముననున్న సిమ్లాలోని భూకంపమాపకము సైతము ఆ అదురును నమోదు చేసెను. చుట్టుపట్లనున్న ఓడలు, గిడ్డంగులు, ఇండ్లు నాశనమయ్యెను. వందలకొలది జనులు మరణించిరి. చివరివరకు నీరు పోయుచు నిలిచిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది వారిలో నుండిరి.

ఏ శత్రువును ఈ ఓడపై గుండు వేయలేదు. దానిని ముంచినది దానిలో సరకు సర్దిన తీరు, ఆపత్సమయమున ఆజ్ఞ లేకపోవుట. ఆ అమరుల స్మృతికై ఏటేట ఏప్రిల్ 14ను దేశమంతట అగ్నిమాపక సేవా దినముగా పాటించుచున్నారు. మన ఊరి అగ్నిమాపక కేంద్రమున ఆనాడు మౌనము పాటించువారిని చూచినపుడు, రెండేండ్లు మాత్రమే బ్రతికిన యీ ఓడను, దానిని కాపాడబోయి తిరిగిరాని వారిని స్మరింపవలెనని మా మనవి.