మందు లేని సూది

సూదిమందు అను మాటలో సూదియు మందును విడదీయరానంతగా కలిసిపోయినవి. కాని సూదిని మాత్రమే గ్రుచ్చి, మందేమియు ఎక్కింపని చికిత్స యొకటి కలదు. దానిని డ్రై నీడ్లింగ్ అందురు. నెలల తరబడి మానని మోకాటి నొప్పికి కొందరు దీనిని సూచించుచున్నారు గనుక, ఇందలి నిజానిజములను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మేము చెప్పుచున్నది పెద్ద వయస్సున వచ్చు కీళ్ళ అరుగుదలను గూర్చి కాదు. మోకాటిచిప్ప క్రింది మొన నుండి కాలి యెముకకు దిగు స్నాయుబంధనము పట్టీ వలె నుండును. ఎగిరి దూకునపుడు దేహభారమునకు ఎన్నో రెట్ల బలము దీనిపై పడును. 2005లో నార్వేలో ప్రకటితమైన పరిశీలనలో అగ్రశ్రేణి వాలీబాలు ఆటగాండ్రలో నూటికి సుమారు 45 మందికి ఈ బాధ కనిపించినది. నొప్పి యెక్కడనిన వ్రేలితో చూపగలరు. మనవారు నరము పట్టినదని నూనె రుద్దుదురు. పాపము, నరమునకు ఇందులో దోషమేమియు లేదు. బంధనములోని పోగులు, చిక్కుపడిన నూలు వలె, వరుస తప్పియుండును.

ఈ సూది మొదట కండరముల నొప్పికి వాడబడినది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యురాలైన జానెట్ ట్రావెల్ కండరములోని నొప్పి బిందువులలోనికి మత్తుమందు ఎక్కించెడివారు. ఉపశమనము మందు వలననే కాదు, సూదిపోటు వలనను కలుగునని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో వ్రాసెను. స్నాయుబంధనము విషయములో పద్ధతి వేరు. అల్ట్రాసౌండు తెరపై చూచుచు, చెడిన భాగమున పలుమార్లు పొడుతురు. కొంచెము రక్తము చిమ్మి, నిద్రించుచున్న మరమ్మతు పని మరల మేల్కొనునని వారి ఆశ.

ఆశ ఫలించినదా? 2014లో అమెరికాలో 23 మందిపై జరిగిన పరీక్షలో కొందరికి సూదితో పాటు వారి రక్తము నుండి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవమును కూడ ఎక్కించిరి. 12 వారములకు వారిదే పైచేయి; 26 వారములకు ఆ భేదము నిలువలేదు. అందరును వ్యాయామము చేసినవారే. స్పెయినులో 2021లో ప్రకటితమైన మరియొక పరీక్ష మాకు మరింత ముఖ్యముగా తోచినది. 48 మందిలో కొందరికి నిజమైన సూది, కొందరికి గ్రుచ్చినట్లు భ్రమ గొల్పు సూది. వ్యాయామము మాత్రము అందరికిని. అన్ని జట్లును బాగుపడినవి. నిజమైన సూదికి అదనపు లాభమేమియు కనరాలేదు!

కనుక సూదికి మునుపు వ్యాయామమే యని మా అభిప్రాయము. ఏటవాలు పలకపై నిలిచి మెల్లగా మోకాలు వంచుట, బరువును కదలక నిలిపి పట్టుట మొదలైనవి, శిక్షకుని పర్యవేక్షణలో, కనీసము 12 వారములు. కొలది నొప్పి కలిగిననంత మాత్రమున మానరాదు; మరునాటికి హెచ్చినచో బరువు తగ్గింపవలెను. పూర్తిగా మంచము పట్టి విశ్రమించుట వలన బంధనము మరింత బలహీనపడును.

అప్పటికిని తగ్గక సూదికి సిద్ధపడువారు, రక్తమును పలుచజేయు మందులు వాడుచున్నచో, ఆ సంగతిని ముందుగనే వైద్యునికి తెలుపవలెను.