చెరకు తోటల దీవిలో ముసలివాళ్ళ పింఛను
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న కలిసినప్పుడల్లా 1982 నాటి నకారా తీర్పును తలుచుకోవడం మన ఆనవాయితీ. పింఛను దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజది. ఈసారి కార్యదర్శిగారు నన్ను మారిషస్ గురించి మాట్లాడమన్నారు. మా రెండోవాడు అక్కడ ఉద్యోగం చేస్తుండగా 2019లో నేనూ మా ఆవిడా నెల్లాళ్ళు ఉండి వచ్చాం. సముద్రతీరాల వర్ణన కోసం ఎదురుచూస్తున్నవారు నన్ను మన్నించాలి.

మడగాస్కరుకు తూర్పున ఉన్న చిన్న దీవి అది. జనాభా పన్నెండున్నర లక్షలు. ఫ్రెంచివారి చేతుల్లోంచి 1810లో ఇంగ్లీషువారి చేతుల్లోకి వచ్చింది. బానిసత్వం రద్దు కావడంతో చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 నుంచి ఒప్పందం మీద మనవాళ్ళను తీసుకుపోయారు. 1920 దాకా వెళ్ళినవారు దాదాపు అయిదు లక్షలు. మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినవారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు ఎక్కిన పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మా ఆవిడ చెప్పులు విడిచి ఎక్కింది.

స్వాతంత్ర్యం సంగతికొస్తే, నాకు అన్నిటికన్నా నచ్చింది 1948 ఎన్నికలు. అంతకుముందు ఓటుహక్కు ఆస్తిపరులకే. ఓటర్లు సుమారు 12 వేలు. కొత్త రాజ్యాంగం ప్రకారం తనకు వచ్చిన భాషలో నాలుగు ముక్కలు చదివి రాయగలిగితే ఓటు. ఆ భాషల్లో తెలుగూ ఉంది. బసదేవ్ బిసున్‌దయాళ్ అనే ఆయన ఊరూరా కూలీలకు అక్షరాలు నేర్పించే ఉద్యమం నడిపారు. పగలంతా చెరకు నరికిన చేతులు రాత్రి దీపం ముందు పలక పట్టాయి. ఓటర్లు సుమారు 72 వేలయ్యారు! తుపాకీ పేలకుండా జరిగిన విప్లవం ఇదేనని నా అభిప్రాయం. ఆ తరువాత 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కావాలన్న పక్షం గెలిచింది. అయినా నూటికి 44 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. 1968 జనవరిలో మతకలహాలు కూడా జరిగాయి. మార్చి 12న శివసాగర్ రామ్‌గులామ్ ప్రధానిగా దేశం స్వతంత్రమైంది. అంతకు మూడేళ్ళ ముందే ఇంగ్లీషువారు చాగోస్ దీవులను విడదీసి తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ తగవు మరో రోజు చెప్పుకుందాం.

అప్పటికి ఎగుమతుల్లో దాదాపు అంతా పంచదారే. జనం పెరుగుతున్నారు, పనులు లేవు, ఈ దేశానికి గడ్డురోజులే అని 1961లో జేమ్స్ మీడ్ నివేదిక రాశారు. 1977లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్త ఆయన. జోస్యం ఫలించలేదు కానీ, పరిశ్రమలు పెట్టండన్న సలహా మాత్రం విన్నారు. 1970లో ఎగుమతి పరిశ్రమలకు చట్టం చేశారు. బట్టల మిల్లుల్లోకి ఆడవాళ్ళు వేల సంఖ్యలో వెళ్ళారు. పంచదారకు యూరప్ 1975 నుంచి హామీ ధర ఇచ్చింది. పర్యాటకులు వచ్చారు, తరువాత బ్యాంకులు వచ్చాయి.

ఇంత కష్టకాలంలోనూ వాళ్ళు వదలనిది వృద్ధాప్య పింఛను. 1950లో పేదలకని మొదలై, 1958 నుంచి అందరికీ అయింది. ఆదాయ ధ్రువపత్రం అడగరు. తోట యజమానికీ ఇస్తారు, కూలికీ ఇస్తారు. 2004లో ఆదాయం ఎక్కువున్నవారికి ఆపబోయారు. 2005 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడింది, పాత పద్ధతి తిరిగొచ్చింది. వృద్ధులకు బస్సు ప్రయాణం కూడా ఆ ఏడే ఉచితమైంది. ఇప్పుడు ముసలివాళ్ళు పెరిగి ఖజానాకు భారమైందని, అర్హత వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచుతామని 2025 బడ్జెట్టులో ప్రకటించారు. జనం ఊరుకోలేదు. రెండు వైపులా న్యాయం ఉందనిపిస్తుంది నాకు.

మావాడి పక్కింట్లో కోరంగీల వంశంలోని ఒక పెద్దావిడ ఉండేది. నలభై ఏళ్ళు చెరకు నరికిందట. రామభజనలో పాడే పాటలు తప్ప తెలుగు రాదు. నన్ను మాత్రం "తమ్ముడూ" అనేది. మిగతాదంతా మనవడు ఇంగ్లీషులో చెప్పేవాడు. నా పింఛను ఎంతని అడిగింది. డి.ఎ.తో సహా కాస్త గర్వంగానే చెప్పాను. "మరి మీ అక్కకి?" అంది.

మా అక్క జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి. కొడుకు చిన్న ప్రభుత్వోద్యోగి, ఇద్దరిదీ ఒకే కార్డు. అందుకని ఆమె దరఖాస్తు తిరిగొచ్చింది. నెలనెలా నేను పంపుతున్నానని చెప్పాను. మనవడు దాన్ని క్రియోల్‌లో చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది నువ్విచ్చేది కదా" అందట.

తిరిగొచ్చాక మరో రెండుసార్లు దరఖాస్తు పెట్టించాను, రాలేదు. ఈ వ్యవహారం తెలిసినవారు మన సభ్యుల్లో ఎవరైనా ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి.